ఓపియాయిడ్ వ్యసనానికి కోతలేని మెదడు ప్రేరణ చికిత్స

పుర్రె తెరవకుండా, రోగికి మత్తు ఇవ్వకుండా, తల బయటి నుంచో చెవి మీది నుంచో అయస్కాంత క్షేత్రాన్నో సన్నని కరెంటునో శబ్ద తరంగాలనో పంపి, మెదడులో వ్యసనంతో ముడిపడిన భాగాల పనితీరును మార్చే పద్ధతులను కోతలేని మెదడు ప్రేరణ చికిత్సలంటారు. డిప్రెషన్‌కు ఇవి ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. నల్లమందు, హెరాయిన్, మార్ఫిన్, కొడీన్, ట్రమడాల్, టాపెంటడాల్, పెంటజొసిన్, ఫెంటనిల్ వంటి ఓపియాయిడ్ల వ్యసనానికి ఇవి ఎంతవరకు పనిచేస్తాయన్నది గత ఇరవై ఏళ్లుగా పరిశోధకులు పరీక్షిస్తున్న ప్రశ్న. మందు మానిన తొలి రోజుల బాధలను తగ్గించడానికి చెవికి పెట్టే పరికరాలకు అమెరికాలో అనుమతి ఉంది. మందు మీది యావను తగ్గించడానికి తల మీద వాడే అయస్కాంత, విద్యుత్ పద్ధతులు మాత్రం ఇంకా పరీక్షల దశ దాటలేదు. బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ మందులే నేటికీ ఈ వ్యసనానికి ప్రధాన చికిత్స. ఈ వ్యాసం ఆ పద్ధతులను, వాటి వెనకున్న ఆధారాలను సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్ వంటి పేటలో ఉండే రోగి వైపు నుంచి పరిశీలిస్తుంది.

రెజిమెంటల్ బజార్, తెలుగు నేల

1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాక హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన కంపెనీ దండు విడిది చేసింది. 1806లో ఆ విడిదికి మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. దండు ఎక్కడుంటే అక్కడ దానికి సరుకులు అందించే బజార్లు వెలిశాయి. సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కు, మోండా మార్కెట్‌కు చేరువలో ఉన్న రెజిమెంటల్ బజార్ అలాంటిదే. కంటోన్మెంట్లలో సారా, మత్తు సరుకుల అమ్మకం లైసెన్సుల మీద నడిచేది. ఆ రోజుల్లో నల్లమందు దొంగ సరుకు కాదు. నొప్పికి, విరేచనాలకు, దగ్గుకు, పసిపిల్లలు ఏడుపు మానడానికి కూడా వాడేవారు. జ్వరాల ప్రాంతమైన గోదావరి జిల్లాలో అది జ్వరాన్ని ఆపుతుందన్న నమ్మకంతో వాడకం మరీ ఎక్కువగా ఉండేది. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ దేశమంతా సాక్ష్యాలు సేకరించి, 1895 నివేదికలో నిషేధం అక్కర్లేదని తేల్చింది.

ఇప్పటి పరిస్థితి వేరు. నల్లమందు దుకాణాలు పోయాయి, మాత్రలూ ఇంజెక్షన్లూ వచ్చాయి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ వ్యసన చికిత్స కేంద్రం జరిపిన సర్వే 2019లో వెలువడింది. దేశంలో 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో సుమారు 2.1 శాతం మంది, అంటే 2.26 కోట్ల మంది, ఏదో ఒక ఓపియాయిడ్ వాడుతున్నారని, 77 లక్షల మందికి చికిత్స అవసరమని అందులో అంచనా వేశారు. వాడకంలో హెరాయిన్‌ది మొదటి స్థానం, మందుల షాపుల్లో దొరికే ఓపియాయిడ్లది రెండో స్థానం, నల్లమందుది మూడో స్థానం. బాధితుల్లో సగానికి పైగా కొద్ది రాష్ట్రాల్లోనే ఉన్నారంటూ ఉత్తరప్రదేశ్, పంజాబ్, హరియాణా, ఢిల్లీ, మహారాష్ట్ర, రాజస్థాన్, గుజరాత్‌లతో పాటు ఆంధ్రప్రదేశ్‌ను కూడా ఆ నివేదిక పేర్కొంది. ఈ వ్యసనం ఉత్తరాదిదని అనుకునేవారు ఆ జాబితాను ఒకసారి చూడాలి.

రెజిమెంటల్ బజార్ మత్తుకు పేరుపడ్డ పేటేమీ కాదు. స్టేషన్ పక్కన ఏ పేటైనా ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. రోజు కూలి మీద బతికేవారు, మూటలు మోసేవారు, లాడ్జీల్లో దిగేవారు, తరాలుగా స్థిరపడ్డ కుటుంబాలు అన్నీ కలిసే ఉంటాయి. నడుం నొప్పికి వేసుకున్న మాత్ర నాలుగు నెలలకు మానలేని మాత్రగా మారడానికి ఇలాంటి చోట ప్రత్యేక కారణం ఏదీ అక్కర్లేదు. ఈ పేటకు దగ్గరగా ఒకప్పుడు గాంధీ ఆస్పత్రి ఉండేది. 2003లో అది ముషీరాబాద్‌లోని కొత్త భవనాలకు మారింది. మానసిక వైద్యానికి పెద్ద దిక్కు ఎర్రగడ్డ ప్రభుత్వ ఆస్పత్రి. ఆ రెండింటి దూరం, అక్కడికి రోజూ వెళ్లి రావడానికి అయ్యే ఖర్చు ఈ వ్యాసం చివర్లో మళ్లీ లెక్కలోకి వస్తాయి.

మెదడులో జరిగేది

ఓపియాయిడ్లు మెదడులోని మ్యూ గ్రాహకాలకు అతుక్కుంటాయి. దాంతో నొప్పి తగ్గుతుంది, డోపమైన్ విడుదల పెరిగి హాయి కలుగుతుంది. కొన్ని వారాలు వాడేసరికి మెదడు ఆ మందును లెక్కలో వేసుకుని సర్దుకుంటుంది. అదే మోతాదుకు మునుపటి హాయి రాదు. మోతాదు ఆగితే వేరే బాధ మొదలవుతుంది. మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అనే చిన్న కణాల గుంపు ఉంది. మందు ఉన్నంతకాలం అణిగి ఉన్న ఈ గుంపు మందు ఆగగానే రెచ్చిపోయి నార్‌ఎడ్రినలిన్‌ను కుమ్మరిస్తుంది. గుండె దడ, చెమటలు, గగుర్పాటు, ముక్కు కారడం, ఎముకల నొప్పులు, నిద్ర లేకపోవడం అందువల్లే. హెరాయిన్ వాడేవారిలో ఇవి ఆఖరి మోతాదు తర్వాత సగం రోజుకే మొదలై, రెండు మూడు రోజులకు ముదిరి, వారం పది రోజుల్లో తగ్గుముఖం పడతాయి.

ఈ బాధలను విత్‌డ్రాయల్ అంటారు. చాలా కుటుంబాలు దీన్నే అసలు జబ్బు అనుకుంటాయి. పది రోజులు గడిచి మనిషి లేచి తిరిగితే నయమైందనుకుని ఊపిరి పీల్చుకుంటాయి. అసలు ప్రమాదం అప్పుడు మొదలవుతుంది. శరీరం అలవాటు తప్పి ఉంటుంది, యావ మాత్రం అలాగే ఉంటుంది. పాత మోతాదును ఒక్కసారి తీసుకున్నా ఊపిరి ఆగిపోవచ్చు. ఓవర్‌డోస్ మరణాల్లో చాలా భాగం ఇలా కొన్నాళ్లు మానిన తర్వాత జరిగేవే.

యావకు మూలం వేరే చోట ఉంది. నుదుటి వెనకున్న ముందు మెదడు, ముఖ్యంగా దాని పక్క భాగం, ఆలోచించి ఆగడానికి, వాయిదా వేయడానికి పనికొస్తుంది. దీర్ఘకాలం మత్తు వాడినవారిలో ఈ భాగం మందగిస్తుంది. సిరంజి కనబడగానే, పాత స్నేహితుడి గొంతు వినగానే, ఒక వీధి మలుపు తిరగగానే రేగే కోరికను అణచే బలం తగ్గుతుంది. మెదడు ప్రేరణ చికిత్సల్లో కొన్ని విత్‌డ్రాయల్ మీద, కొన్ని యావ మీద పనిచేయడానికి ఉద్దేశించినవి. ఈ తేడా తెలియకపోతే ఏ ప్రకటన చదివినా మోసపోతాం.

మద్రాసు, హాంకాంగ్: రెండు పాత ప్రయత్నాలు

మెదడును తాకి వ్యసనం మాన్పవచ్చన్న ఆలోచన మన పొరుగునే అర్ధ శతాబ్దం కిందట ఆచరణలోకి వచ్చింది. మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి నాడీ శస్త్రవైద్యులు వి.బాలసుబ్రమణ్యం, టి.ఎస్.కనక, పి.బి.రామానుజం మత్తు వ్యసనపరులకు సింగులం అనే నరాల కట్టను చిన్న గాయంతో తెంచే శస్త్రచికిత్స చేసి, ఆ అనుభవాన్ని 1973లో న్యూరాలజీ ఇండియా పత్రికలో ప్రచురించారు. కనక ఆసియాలోని తొలి మహిళా నాడీ శస్త్రవైద్యుల్లో ఒకరు. మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చే చికిత్సకు దేశంలో బాట వేసినవారు. పుర్రెకు రంధ్రం పెట్టి, తిరిగిరాని గాయం చేసే ఆ పద్ధతి తర్వాత్తర్వాత నైతిక కారణాలతో వెనకబడింది. అలా వెనకబడటం సబబే. వారు ఎంచుకున్న చోటు మాత్రం గాలివాటు కాదు. పక్షవాతం లాంటి కారణాలతో మెదడు దెబ్బతిన్నాక ఉన్నట్టుండి సిగరెట్ మానేసినవారి మెదడు చిత్రాలను పరిశీలించి 2022లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం వ్యసనానికి ఒక ఉమ్మడి వలయాన్ని గుర్తించింది. అందులో ఇన్సులా, ముందు మెదడు పక్క భాగంతో పాటు సింగులేట్ ప్రాంతం కూడా ఉంది.

రెండో ప్రయత్నం దాదాపు అదే కాలంలో హాంకాంగ్‌లో జరిగింది. నాడీ శస్త్రవైద్యుడు హెచ్.ఎల్.వెన్ 1972లో శస్త్రచికిత్సకు ముందు విద్యుత్ ఆక్యుపంక్చర్ ఇస్తుండగా, నల్లమందు అలవాటున్న ఒక రోగి తన విత్‌డ్రాయల్ బాధలు పోయాయని చెప్పాడు. చెవి మీది బిందువులకు సన్నని కరెంటు ఇవ్వడమే అందుకు కారణమని భావించిన వెన్, 40 మంది వ్యసనపరుల మీద ఆ పద్ధతిని వాడి 1973లో ఫలితాలు ప్రచురించారు. అక్కడే పనిచేసిన స్కాట్లండ్ సర్జన్ మెగ్ ప్యాటర్సన్ ఆ పద్ధతిని లండన్‌కు తీసుకెళ్లి, సూదులు తీసేసి చెవి వెనక అతికించే ఎలక్ట్రోడ్లుగా మార్చారు. గిటార్ వాద్యకారుడు ఎరిక్ క్లాప్టన్ 1974లో ఆమె దగ్గర చికిత్స పొందడంతో దానికి పేరొచ్చింది. పేరు వచ్చినంత త్వరగా రుజువు రాలేదు. అయినా నేటి చెవి పరికరాలకు పూర్వికులు అవే.

అయస్కాంత ప్రేరణ

ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్, క్లుప్తంగా టీఎంఎస్, 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం చేతుల్లో పుట్టింది. తీగ చుట్టలో బలమైన విద్యుత్తును సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సేపు పంపితే సుమారు 1.5 నుంచి 2 టెస్లాల అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. అది వెంట్రుకలను, చర్మాన్ని, ఎముకను అడ్డులేకుండా దాటి, కింద రెండు మూడు సెంటీమీటర్ల లోతు వరకు నాడీ కణాల్లో కరెంటు పుట్టిస్తుంది.

చికిత్స ఎలా ఉంటుందో చెబితే భయం తగ్గుతుంది. రోగి కుర్చీలో మెలకువగానే కూర్చుంటాడు. చెవులకు శబ్దం తగలకుండా ప్లగ్గులు పెడతారు. ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న చుట్టను తల మీద ఆనించి, టెక్నీషియన్ ముందు బొటనవేలి కండరం కదిలే చోటు వెతుకుతాడు. చుట్ట టక్కుమనగానే అవతలి చేతి బొటనవేలు తనంతట తానే చివుక్కుమంటుంది. పది సార్లలో కనీసం ఐదు సార్లు వేలు కదిలే కనీస బలాన్ని ఆ రోగికి కొలతగా రాసుకుంటారు. మనిషి మనిషికీ ఈ కొలత మారుతుంది. ఆ తర్వాత చుట్టను నుదుటి వైపు జరిపి, ముందు మెదడు పక్క భాగం మీద పెట్టి, కొలతకు తగిన బలంతో వరుస దెబ్బలు ఇస్తారు. తల మీద వేలితో టకటకా కొడుతున్నట్టు ఉంటుంది. కొందరికి ఆ రోజు తలనొప్పి వస్తుంది. మామూలు మాత్రకు తగ్గిపోతుంది.

సెకనుకు 10 సార్లు ఇస్తే కింది కణాలు చురుకెక్కుతాయి, సెకనుకు ఒకసారి ఇస్తే అణుగుతాయి అన్నది స్థూలమైన సూత్రం. తీటా బర్స్ట్ అనే కొత్త వరుసలో 600 దెబ్బలు మూడు నిమిషాలకు కాస్త పైగా సాగి పూర్తవుతాయి. పాత పద్ధతిలో ఒక సెషన్ సుమారు 37 నిమిషాలు పట్టేది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ టీఎంఎస్‌ను 2008లో డిప్రెషన్‌కు, 2018లో ఓసీడీకి, 2020లో సిగరెట్ మానడానికి అనుమతించింది. ఒక వ్యసనానికి టీఎంఎస్ యంత్రం అనుమతి పొందడం సిగరెట్‌తోనే మొదలు. ఓపియాయిడ్లకు అలాంటి అనుమతి రాలేదు.

మన దేశంలో ఈ దారిలో ముందు నడిచింది రాంచీలోని కేంద్ర మనోవైద్య సంస్థ. అక్కడి వైద్యులు మద్యానికి బానిసలైన 45 మందిని తీసుకుని 30 మందికి నిజమైన టీఎంఎస్, 15 మందికి ఉత్తుత్తి టీఎంఎస్ పది సెషన్లు కుడివైపు ఇచ్చారు. 2010లో అడిక్షన్ పత్రికలో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం నిజమైన చికిత్స పొందినవారిలో తాగాలన్న యావ ఎక్కువగా తగ్గింది. హెరాయిన్ మీద పనిచేసింది చైనా పరిశోధకులు. 2016లో బయొలాజికల్ సైకియాట్రీలో వచ్చిన వారి అధ్యయనంలో 20 మంది పాత వ్యసనపరుల మీద, ఎడమ ముందు మెదడుకు ఇచ్చే 10 హెర్ట్జ్ (సెకనుకు 10 సార్ల) టీఎంఎస్‌ను ఉత్తుత్తి టీఎంఎస్‌తో పోల్చి చూశారు. హెరాయిన్ దృశ్యాలు చూపించినప్పుడు రేగే యావ నిజమైన టీఎంఎస్‌తో ఒక్క సెషన్‌కే తగ్గింది, ఐదు రోజులకు ఇంకా తగ్గింది. ఆశ కలిగించే ఫలితమే. కాని 20 మంది, ఐదు రోజులు, కేంద్రంలో ఉంచిన రోగులు, దృశ్యాలు చూపి అడిగిన ప్రశ్నలు. ఇంటికి పోయాక ఆర్నెల్లకు వాళ్లలో ఎంతమంది నిలబడ్డారన్నది దీంతో తేలేది కాదు.

నేరుగా పారే సన్న కరెంటు

టీడీసీఎస్ అన్న పద్ధతి ఇంకా సరళం. ఉప్పునీటిలో తడిపిన రెండు స్పాంజీలను తలకు కట్టి, 1 నుంచి 2 మిల్లీయాంపుల కరెంటును దాదాపు 20 నిమిషాలు పంపుతారు. ఇది కణాలను బలవంతంగా పేల్చదు. పేలడానికి కాస్త దగ్గరగానో దూరంగానో జరుపుతుంది, అంతే. 2000లో జర్మనీలోని గొటింగెన్‌లో నిట్షే, పౌలుస్ దీని ప్రభావాన్ని కొలిచి చూపాక మళ్లీ ప్రాచుర్యం వచ్చింది. చర్మం చురుక్కుమనడం, కాస్త ఎర్రబడటం తప్ప ఇబ్బంది తక్కువ. యంత్రం చిన్నది, టీఎంఎస్ కన్నా ఎన్నో రెట్లు చవక, కొంత శిక్షణతో నర్సు కూడా నడపగలదు. జిల్లా ఆస్పత్రికి నప్పే పద్ధతి ఏదైనా ఉంటే ఇదే. ఓపియాయిడ్ వ్యసనపరుల మీద జరిగిన పరీక్షలు చిన్నవి, ఎలక్ట్రోడ్లు పెట్టే చోటు ఒక్కొక్కరిది ఒక్కో తీరు. ఇంట్లో బ్యాటరీతో సొంతంగా చేసుకోవడం నేర్పే వీడియోలను చూసి ఎవరూ ప్రయత్నించకూడదు. చర్మం కాలిన సంఘటనలున్నాయి.

చెవి మీది పరికరాలు

చెవి డొప్ప లోపలి భాగానికి వేగస్ నాడి కొమ్మ ఒకటి వస్తుంది. చెవి ముందు భాగానికి ట్రైజెమినల్ నాడి కొమ్మ వస్తుంది. వీటిని తాకిన కరెంటు మెదడు కాండానికి చేరి, లోకస్ సెరూలియస్ ఉన్న పరిసరాలను ప్రభావితం చేస్తుంది. విత్‌డ్రాయల్ రగిలేది అక్కడే కాబట్టి ఈ దారి ఎంచుకున్నారు.

2017 నవంబరులో ఎఫ్‌డీఏ ఎన్‌ఎస్‌ఎస్-2 బ్రిడ్జ్ అన్న పరికరాన్ని విత్‌డ్రాయల్ బాధలకు అనుమతించింది. చెవి వెనక అతికించే చిన్న పెట్టె అది. దాని తీగల చివర సన్నని సూదులుంటాయి. అందువల్ల దాన్ని కచ్చితంగా కోతలేనిదని అనలేం, చర్మం గుచ్చుతుంది. ఐదు రోజుల వరకు ఉంచుకోవచ్చు. ఆధారంగా చూపింది 73 మంది పాత రికార్డులు. అందరిలోనూ బాధల స్కోరు అరగంటలోపే కనీసం 31 శాతం తగ్గింది, 64 మంది ఐదు రోజుల తర్వాత మందుల చికిత్సకు మారగలిగారు. 2021 జనవరిలో అనుమతి పొందిన స్పారో అన్న పరికరానికి సూదులు కూడా లేవు. చెవికి అతికించుకుంటే చాలు.

బాధల స్కోరు అంటే ఏమిటో ఒక మాట. దాన్ని కౌస్ అంటారు, వైద్యుడు పదకొండు విషయాలు చూసి వేసే లెక్క. నాడి వేగం, చెమట, కుదురుగా కూర్చోలేకపోవడం, కంటిపాప వెడల్పు, కీళ్ల నొప్పులు, ముక్కు కారడం, కడుపు బాధ, చేతుల వణుకు, ఆవులింతలు, ఆదుర్దా, చర్మం మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం. మొత్తం 48. ఐదు నుంచి 12 వరకు స్వల్పం, 36 దాటితే తీవ్రం. రోగి ముంజేతి మీద వేళ్లతో రాస్తే గగుర్పాటు తగులుతుంది. చేయి తిరిగిన నర్సు దాన్నిబట్టే సగం అంచనా వేయగలదు. బ్యుప్రెనార్ఫిన్ మొదలుపెట్టాలంటే ఈ స్కోరు కొంత పెరిగేదాకా ఆగాలి. తొందరపడి ఇస్తే బాధలు ఒక్కసారిగా విజృంభిస్తాయి. ఆ ఎదురుచూపు గంటల్లోనే చాలామంది లేచి వెళ్లిపోతారు. చెవి పరికరం విలువ ఏదైనా ఉంటే అది ఆ గంటల్లోనే. మనిషిని మందుల చికిత్స దాకా చేర్చే వంతెనగా పనికొస్తే అది చిన్న విషయం కాదు.

నొప్పి వైపు నుంచి

వ్యసనం చాలామందికి నొప్పితోనే మొదలవుతుంది కాబట్టి, నొప్పికి మార్ఫిన్ అవసరాన్నే తగ్గించగలిగితే మంచిదని కొందరు ఆలోచించారు. అమెరికాలోని సౌత్ కరొలైనా వైద్య విశ్వవిద్యాలయంలో జెఫ్రీ బోర్కార్ట్ బృందం బరువు తగ్గించే శస్త్రచికిత్స అయిన 20 మందికి నిజమైనదో ఉత్తుత్తిదో ఒకే ఒక్క టీఎంఎస్ సెషన్ ఇచ్చింది. నిజమైన టీఎంఎస్ పొందినవారు బటన్ నొక్కి తీసుకున్న మార్ఫిన్ మిగిలినవారికన్నా 40 శాతం తక్కువ. ఇది 2006లో ప్రచురితమైంది. అదే సంస్థ నుంచి 2012లో వచ్చిన మరో పరీక్ష ఇంకా ఆసక్తికరం. ఓపియాయిడ్ గ్రాహకాలను మూసేసే నలాక్సోన్ ముందుగా ఇస్తే టీఎంఎస్ వల్ల కలిగే నొప్పి ఉపశమనం తగ్గిపోయింది. అంటే ముందు మెదడు మీది అయస్కాంత దెబ్బ శరీరంలోని సొంత ఓపియాయిడ్ వ్యవస్థనే కదిలిస్తోందన్నమాట. ఓపియాయిడ్లు మానలేని రోగికి ఇంతకు మించిన తగిన లక్ష్యం ఏముంటుంది?

ఈ మాట చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. హైదరాబాద్ ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రిలో ఉపశమన వైద్య విభాగం రోగుల ఆఖరి దశ నొప్పిని మార్ఫిన్‌తోనే తగ్గిస్తోంది. అలాంటి రోగులకు మార్ఫిన్ దొరక్కుండా చేసే భయం మన సమాజానికి చాలాకాలం హాని చేసింది. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించింది కూడా అత్యవసర నొప్పి మందులు రోగికి సులువుగా అందాలనే. వ్యసనం మీది కోపం కేన్సర్ రోగి మంచం మీద చూపకూడదు.

మరింత లోతుకు వెళ్లే పద్ధతిగా కేంద్రీకృత అల్ట్రాసౌండ్‌ను వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో అలీ రెజాయ్ బృందం పరీక్షిస్తోంది. టీఎంఎస్ చేరలేని న్యూక్లియస్ అకంబెన్స్‌ను శబ్ద తరంగాలతో తాకుతారు. కొద్దిమంది మీద వచ్చిన తొలి ఫలితాలు ఉత్సాహం ఇచ్చేవే అయినా వాటి మీద తీర్పు చెప్పే సమయం రాలేదు.

రుజువులు ఎంత గట్టివి

హైదరాబాద్ ఒకప్పుడు వైద్య రుజువుల కోసం ప్రపంచం చూపు తిప్పుకున్న నగరం. 1888లోనూ 1889లోనూ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ చొరవతో, నిజాం ధనసాయంతో క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. వందలాది కుక్కలు, కోతుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫాం వల్ల ఊపిరే ముందు ఆగుతుందని, గుండె మీద సూటిగా దెబ్బ పడదని తేల్చాయి. అంత శ్రమ పడి తేల్చింది తప్పు. తక్కువ మోతాదులోనే గుండె లయ తప్పి ఆగిపోగలదని 1911లో ఎ.జి.లెవీ చూపించాడు. ప్రయోగాల సంఖ్య ఎంత పెద్దదైనా, అడిగిన ప్రశ్న, పోల్చిన తీరు సరిగా లేకపోతే జవాబు దారి తప్పుతుంది.

మెదడు ప్రేరణ పరీక్షలకు అదే గండం. యంత్రం పెద్దది, శబ్దం వస్తుంది, వైద్యుడు రోజూ వచ్చి పలకరిస్తాడు. ఇంత జరిగాక ఎవరికైనా కాస్త మెరుగ్గా అనిపిస్తుంది. అందుకే శబ్దమూ చర్మం మీది చురుకూ ఉండి, క్షేత్రం మాత్రం మెదడును చేరని ఉత్తుత్తి చుట్టతో పోల్చి చూడాలి. బ్రిడ్జ్ పరికరానికి ఆధారమైన 73 మందిలో అలా పోల్చినవారు లేరు. ప్యాటర్సన్ తరహా విద్యుత్ పరికరాలను ఉత్తుత్తి పరికరంతో పోల్చినప్పుడు తేడా కనబడలేదు. టీఎంఎస్ పరీక్షల్లో పోలిక ఉన్నా కొలిచేది ఎక్కువగా యావ స్కోరే. ఎంతమంది తిరిగి వాడారు, ఎంతమంది చికిత్సలో నిలిచారు, ఎంతమంది బతికారు అన్నవి అరుదుగా కొలుస్తున్నారు. బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ చికిత్సలో నిలకడగా ఉన్నవారిలో మరణాల రేటు, చికిత్స వదిలేసినవారి రేటులో సగం కన్నా తక్కువ. ఏ యంత్రమూ ఇంతవరకు ఇలాంటిది చూపలేదు. కాబట్టి యంత్రం ఉంది కదా అని మాత్ర ఆపమనే కేంద్రం రోగి ప్రాణంతో చెలగాటమాడుతున్నట్టే.

కల్లు, అల్ప్రాజోలం, మూర్ఛ

తెలంగాణకు సంబంధించి విదేశీ వ్యాసాల్లో కనబడని సమస్య ఒకటి ఉంది. అనేక కల్లు దుకాణాల్లో తాటి, ఈత కల్లుకు బదులు డయాజెపాం, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన ద్రవం అమ్ముతున్నారని ఏళ్ల తరబడి కేసులు నమోదవుతూనే ఉన్నాయి. 2015లో కల్తీ మీద దాడులు ముమ్మరమైనప్పుడు, మళ్లీ 2020 లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో, కల్లు దొరక్క వణుకుతూ, పిచ్చిగా మాట్లాడుతూ, ఫిట్స్‌తో వచ్చినవారితో ఎర్రగడ్డ ఆస్పత్రి నిండింది. ఇవి ఓపియాయిడ్లు కావు. అయినా ఒకే మనిషి ట్రమడాల్ మాత్రలు వేసుకుంటూ సాయంత్రం కల్లు తాగడం అసాధారణం కాదు.

టీఎంఎస్‌లో అత్యంత తీవ్రమైన దుష్ప్రభావం మూర్ఛ. మామూలుగా అది వెయ్యిమందిలో ఒకరికి కూడా రాదు. మద్యమో అల్ప్రాజోలమో ఒక్కసారిగా ఆపిన మెదడు మాత్రం మూర్ఛకు సిద్ధంగా ఉంటుంది. ట్రమడాల్ కూడా ఫిట్స్ తెప్పించే మందే. కాబట్టి యంత్రం ముందు కూర్చోబెట్టే ముందు కల్లు గురించి సూటిగా అడగాలి. "మందు తాగుతారా?" అంటే చాలామంది కాదంటారు, ఎందుకంటే కల్లును వాళ్లు మందు కింద లెక్కవేయరు. "సాయంత్రం కల్లు కాంపౌండుకు వెళ్తారా, వెళ్లకపోతే చేతులు వణుకుతాయా?" అని అడిగితేనే నిజం బయటికొస్తుంది. తలలో లోహపు క్లిప్పులు, చెవిలో కోక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవారికి టీఎంఎస్ ఇవ్వకూడదు. పేస్‌మేకర్ ఉన్నవారికి చెవి పరికరాలు తగవు.

అందుబాటు, చట్టం

టీఎంఎస్ హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లోని ప్రైవేటు మానసిక వైద్యశాలల్లో ప్రధానంగా డిప్రెషన్ కోసం దొరుకుతోంది. కోర్సు అంటే వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు. స్టేషన్ దగ్గర మూటలు మోసే మనిషి అన్ని రోజుల కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని, సెషన్‌కు డబ్బు కట్టి రావడం జరిగే పని కాదు. బ్యుప్రెనార్ఫిన్ మాత్ర నాలుక కింద పెట్టుకునేది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ సూదులతో మత్తు తీసుకునేవారికి దీన్ని ఉచితంగా ఇస్తోంది, కొన్ని ప్రభుత్వ ఆస్పత్రుల వ్యసన చికిత్స విభాగాల్లోనూ దొరుకుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ముందు విస్తరించాల్సింది ఇదే.

1985 నాటి మత్తుమందుల చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం, తక్కువ పరిమాణంలో సొంతానికి వాడి, స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు చేరి దాన్ని పూర్తిచేసిన వ్యసనపరుడికి విచారణ నుంచి రక్షణ ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు పదార్థాల వల్ల కలిగే మానసిక స్థితులను మానసిక జబ్బు నిర్వచనంలో చేర్చింది. అందువల్ల గొలుసులతో కట్టేయడం, కొట్టి మాన్పించడం నేరాలే. రిజిస్ట్రేషన్ లేని కేంద్రానికి తీసుకెళ్లేముందు కుటుంబం 14446 నంబరుకు ఫోన్ చేసి గుర్తింపు పొందిన కేంద్రం ఎక్కడుందో అడగవచ్చు. కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ సహాయ కేంద్రానికి ఫోన్ ఖర్చు లేదు.

ఇక్కడ చేయదగ్గ పరిశోధన కూడా స్పష్టంగానే ఉంది. మాత్రల మీద ఆధారపడినవారు, కల్లు కూడా తాగేవారు, రోజు కూలీలు ఇక్కడి రోగులు. బ్యుప్రెనార్ఫిన్ అందరికీ ఇస్తూ, సగం మందికి నిజమైన టీడీసీఎస్, సగం మందికి ఉత్తుత్తి టీడీసీఎస్ జోడించి, యావ స్కోరుతో ఆగకుండా ఆర్నెల్ల తర్వాత ఎంతమంది మూత్ర పరీక్షలో మత్తు లేకుండా ఉన్నారో, ఎంతమంది ఇంకా చికిత్సకు వస్తున్నారో, ఎంతమంది పనికి పోతున్నారో లెక్కపెట్టాలి. గాంధీ, ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలల్లో రోగుల కొరత లేదు, యంత్రం ఖరీదు కూడా వాటి బడ్జెట్‌కు పెద్దది కాదు.